గుస్తిలో పేరున ఉన్న అధ్యాయం

మా అక్కకు చూపు పోయిన ఏడాది ఆమెను పలకరించడానికి వచ్చినవాళ్లలో సగంమంది జపమాలలు తెచ్చారు, మిగిలిన సగంమంది సలహాలు తెచ్చారు. జీవితమంతా చదువుతూ గడిపిన మనిషికి ఇకమీదట పొద్దెలా గడుస్తుందని అడిగినవాళ్లు లేరు. ప్రార్థనతో గడుస్తుందని అందరూ ముందే తీర్మానించుకున్నట్టున్నారు. మా అక్క కొన్సోర్సియాకు దేవుడి మీద నమ్మకముంది. కాని రోజంతా తనతో మాట్లాడుతూ కూర్చునేటంత తీరిక ఆయనకు మాత్రం ఎక్కడుంటుందని ఆమె అభిప్రాయం.

నేను మా ఇలోఇలో నగరంలో, హారో అనే పేటలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాహిత్యం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఆమెకు చదివి వినిపించడం సహజంగా నా బాధ్యత అనుకున్నాను. వారం తిరక్కుండానే ఆమె నన్ను ఆ ఉద్యోగం నుంచి తొలగించింది.

"ఇందాయ్, నువ్వు చదువుతుంటే నాకు పరీక్ష రాస్తున్నట్టుంటుందే," అంది. చెల్లెళ్లను మా వైపు అలాగే పిలుస్తారు, డెబ్బై దాటినా ఆ పిలుపు మారదు. "వాక్యం పూర్తికాకముందే అర్థం చెప్పేస్తావు. రాసినాయన తప్పు రాస్తే దిద్దుతావు. ఎప్పుడో పోయిన మనిషిని దిద్ది ఏం బావుకుంటావు?"

దిద్దిన మాట నిజమే. ఆ రచయిత ఒకే తుపానును రెండు వేర్వేరు నెలల్లో రప్పించాడు.

అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. చదివి వినిపించే దుకాణాలు ఇంటర్నెట్‌లో చాలానే ఉన్నాయి. నెలనెలా ఇంత కట్టమనేవి కొన్ని, మొదటి నెల ఊరికే ఇచ్చి రెండో నెల నుంచి గొంతు పట్టుకునేవి కొన్ని. వాటి వెనకాల, ఏ ఆర్భాటమూ లేని ఒక పేజీ కనిపించింది. హక్కుల గడువు తీరిపోయి, ఎవరి సొత్తూ కాకుండా అందరి సొత్తుగా మిగిలిన పాత పుస్తకాలను నానా దేశాలవాళ్లు తమ ఇళ్లలో కూర్చుని చదివి, ఆ రికార్డింగులను అక్కడ పెడతారు. చిల్లిగవ్వ అడగరు. పేరు చెప్పమనరు. ప్రకటనలు వినిపించరు. మోసం ఎక్కడుందా అని ఒక మధ్యాహ్నమంతా ఆ పేజీలు తిరగేశాను. కనిపించలేదు. కనిపించనందుకు మొదట నాకు కోపమే వచ్చింది. ఇలాంటిది ఒకటి ఇన్నేళ్లుగా ఉండగా, ప్రతి బడికీ కంప్యూటర్లు పంచి ఫోటోలు దిగిన పెద్దమనుషుల్లో ఒక్కరూ మాకు ఈ మాట చెప్పలేదు.

మరికొన్నాళ్లకు, అవే రికార్డింగులకు సూర్యాస్తమయం బొమ్మ అతికించి ఒక దుకాణం అమ్ముకుంటున్నట్టు కనిపెట్టాను. అడిగితే అది నేరం కాదన్నారు. అందరి సొత్తును అమ్ముకునే హక్కు కూడా అందరిదేనట. కావచ్చు. నేరం కానివన్నీ మర్యాదలు అయిపోవు.

అక్కకు మాత్రం ఈ ధర్మసూక్ష్మాలతో పనిలేదు. పొద్దున పాన్‌దెసాల్ రొట్టె కాఫీలో ముంచుకు తినడం అయ్యాక పేము కుర్చీలో వెనక్కి వాలి, "ఎవరొచ్చారివాళ?" అని అడిగేది. పుస్తకం పేరు అడిగేది కాదు. చదివే మనిషి ఎవరని ఆమె ప్రశ్న. ఒకాయన ప్రేమకథను వరద వార్తల్లా చదివేవాడు. ఒకావిడ ప్రతి పేరా చివరా మింగుడుపడనట్టు ఆగేది. ఇంకొకరి వెనకాల గోడగడియారం కొట్టుకునేది, మధ్యమధ్య ఎవరో తలుపు వేసేవాళ్లు. చూపున్నప్పుడు అక్షరాలతో సరిపెట్టుకున్న మనిషి ఇప్పుడు మనుషులనే చదవడం మొదలుపెట్టింది. "ఈవిడకు మొగుడితో పడదు. 'భర్త' అన్న మాట దగ్గర ఎలా పళ్లు నూరిందో విన్నావా?" అనేది. "ఈ కుర్రాడికి జలుబు. అయినా మానకుండా చదివాడు చూడు, తల్లి మంచిగా పెంచింది." నాకు వినిపించనివి ఆమెకు వినిపించేవి. ఆ రోజుల్లో ఆమె చెవులు అంత బాగుండేవి.

మా హిలిగైనోన్ భాషకు ఆ గ్రంథాలయంలో ఉన్నది ఒక మూల మాత్రమే. కొన్ని ప్రార్థనలు, రెండు నాటికలు, ఒక వంటల పుస్తకం. అందుకే, యుద్ధానికి ముందు ఒక వారపత్రికలో వచ్చిన ఉప్పుమళ్ల నవలను కొందరు కలిసి చదవబోతున్నారని తెలిసినప్పుడు నేను ఆ సంగతి అక్కకు వెంటనే చెప్పలేదు. ముందు నిజమో కాదో చూసుకున్నాను. నిజమే. ఆ నవలను మా అమ్మ చిన్నప్పుడు మాకు కథగా చెప్పేది. ఉప్పుమళ్ల హద్దుల కోసం కోర్టుకెక్కిన తండ్రి, ఆయన తరఫున ఊరందరితోనూ పోట్లాడే కూతురు తార్సిలా. కథ సగం దాటి, మలుపు తిరిగేచోట ఆగిపోయేది. మిగిలిన సంచికలు యుద్ధంలో ఇంటితోపాటే కాలిపోయాయి. ఏదో ఒక కళాశాల అటక మీద బతికి బయటపడిన ప్రతిని ఇప్పుడెవరో పేజీ పేజీ ఫోటోలు తీసి పెట్టారు.

నేను అందులో చేరాను, చదవడానికి కాదు. నా గొంతు గురించి అక్క తీర్పు ఇచ్చేసింది కదా. సరిచూసే శ్రోతగా చేరాను. ఆ పని ఇలా ఉంటుంది. పుస్తకంలోని అధ్యాయాలను ఎవరికి నచ్చినవి వాళ్లు తమ పేరున రాయించుకుంటారు. ఒకరి పేరున ఉన్న అధ్యాయాన్ని మరొకరు ముట్టుకోరు. చదివి పంపాక, శ్రోత మూలాన్ని ఎదురుగా పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా విని, వదిలేసిన మాటలు, రెండుసార్లు వచ్చిన మాటలు, అనవసరపు చప్పుళ్లు మాత్రమే రాసి పంపాలి. ఎలా చదివారన్నది శ్రోతకు అక్కర్లేదు. యాస బాగోలేదనకూడదు, ప్రాణం లేదనకూడదు. కిరాయికి చదివేవాళ్లు కారు కనుక వాళ్ల తీరును తూచకూడదన్నది అక్కడి కట్టుబాటు. నా స్వభావానికి అంతకంటే కఠినమైన ఉపవాసం ఇంకొకటి లేదు. అయినా పాటించాను.

ఇరవై మూడో అధ్యాయం నెమెసియో గుస్తిలో అనే ఆయన పేరున ఉంది.

ఆ పేరు చెప్పగానే అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. మా యవ్వనంలో ఇలోఇలో నగరం మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ గొంతు కోసమే మేలుకుని ఉండేది. రేడియో నాటకాల్లో ఆయన ఎప్పుడూ దుర్మార్గుడే. ఆడపిల్లలందరూ నాయకుడికి ఉత్తరాలు రాసుకుంటుంటే, మా అక్క ఆ దుర్మార్గుడు నవ్వే నవ్వు కోసం ఇస్త్రీపెట్టె బట్టల మీదే మరిచిపోయేది. పెళ్లి వద్దనుకోవడానికి కూడా ఆయనే కారణమని ఒకసారి నాన్నతో అంది. నాన్న నవ్వలేదు.

"ఆయన బతికే ఉన్నాడా?" అని అడిగింది. ఉన్నాడన్నాను. "మరయితే వింటాను," అంది, ఎవరో ఆమె అనుమతి కోసం ఎదురుచూస్తున్నట్టు.

ఆ తరవాత కొద్ది కాలానికే ఆమెకు వినికిడి తగ్గడం మొదలైంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి కూడా అదే దారిలో ఉందనీ, చెవిలో పెట్టుకునే యంత్రం కొంతకాలం మాత్రం ఆదుకుంటుందనీ వైద్యుడు చెప్పాడు. కొంతకాలమంటే ఎంతని అడిగితే, వయసు విషయంలో ఎవరూ ఏమీ చెప్పలేరన్నాడు. చెప్పలేనివాడికి ఫీజు మాత్రం కచ్చితంగా తెలుసు.

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే ఆత్రం. ఆ ఒక్క చెవి మూసుకుపోకముందే ఆ గొంతు రావాలి. మిగిలిన అధ్యాయాలన్నీ ఒకటొకటిగా వచ్చాయి. బకోలోద్ నుంచి, దావావ్ నుంచి, ఎక్కడో మంచుదేశంలో ఆయాపని చేసుకుంటున్న మా ప్రాంతపు పిల్ల దగ్గరనుంచి వచ్చాయి. చిట్టచివరిదైన ఇరవై నాలుగోదీ వచ్చింది. అక్క దాన్ని వినడానికి ఒప్పుకోలేదు. ఇరవై మూడోదాన్ని నన్ను చదివి వినిపించనివ్వనూ లేదు. "ఆయన్ని దాటి ఎలా వెళతాను?" అంది. గుస్తిలో దగ్గరనుంచి మాత్రం ఏమీ రాలేదు.

ఈ పుస్తకానికి నిర్వాహకురాలు ద్యోనిసా అనే అమ్మాయి, బకోలోద్‌లో ఉంటుంది. ఆమె నెలకొకసారి ఆయనకు గుర్తుచేసేది. "వచ్చే వారం" అని ఆయన జవాబిచ్చేవాడు. గడువు దాటి జవాబు కూడా ఇవ్వనివాళ్ల దగ్గరనుంచి అధ్యాయాన్ని తీసుకుని మరొకరికి ఇవ్వవచ్చు. జవాబిస్తున్నవాళ్ల దగ్గరనుంచి తీసుకోకూడదు. ఆయన జవాబు ఇస్తూనే ఉన్నాడు. వారం మాత్రం రావడం లేదు. నేను ద్యోనిసాకు ఫోన్ చేసి, ఒక మనిషికి వినికిడి పూర్తిగా పోయేలోగా ఆ అధ్యాయం రావాలని చెప్పాను.

"ఆయన నెమెసియో గుస్తిలో కదా మేడం," అంది ఆ అమ్మాయి. "రేడియోలో ఆయన గొంతు వస్తే మా అమ్మమ్మ తలుపు గడియ వేసుకునేదట. అలాంటాయన్ని తొందరపెట్టమంటే నాకు నోరు రావట్లేదు."

గౌరవం పేరుతో మనుషులను ఒంటరిగా వదిలేయడం మా జాతికి అబ్బిన విద్య. పెద్దవాళ్ల చేతికి ముద్దుపెట్టి, అదే చేత్తో వాళ్ల గది తలుపు దగ్గరగా వేస్తాం.

ఒక ఉదయం అక్క, పాన్‌దెసాల్ కుర్రాడు ఇవాళ రాలేదేమని అడిగింది. వాడు ఎప్పటిలాగే సైకిల్ హారన్ మోగించుకుంటూ వచ్చి వెళ్లాడు. రొట్టెలు ఆమె ముందున్న పళ్లెంలోనే ఉన్నాయి. వేడిగా ఉన్నాయి. నేను గొడుగు తీసుకుని, గుస్తిలో ఉండే అరెవాలో పేటకు వెళ్లే జీప్నీ బండి ఎక్కాను.

గుస్తిలో ఇల్లు ఊరందరికీ తెలుసు. పూలకొట్ల వెనక సందులో పాత చెక్క మేడ. తలుపు తీసింది ఆయన కోడలు, అరసెలి. గుండ్రటి ముఖం, అలసిన కళ్లు, చేతిలో తడిగుడ్డ. నేనెవరినో చెప్పాక ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టి, కలమాన్సి నిమ్మరసం కలిపి తెచ్చి, మామగారు నిద్రపోతున్నారంది. పైన చెక్కనేల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తోంది. నిద్రలో నడిచే అలవాటుందా అని అడిగాను. ఆమె చిన్నబుచ్చుకోలేదు. అలాంటి ప్రశ్నలకు సమాధానం చెప్పే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయినట్టుంది.

ఆయనే మెట్లు దిగి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, టకటకలాడే బూట్లు, ఒకవైపుకు జారిన నోరు. నేను లేచి నిలబడ్డాను. ఆయన కూర్చోమని సైగ చేశాడు, మాట్లాడలేదు. మాట్లాడే పని కోడలు తీసుకుంది. పోయినేడాది స్ట్రోక్ వచ్చిందనీ, దేవుడి దయవల్ల నడక వచ్చేసిందనీ, గొంతు కూడా పూర్వంలాగే ఉందని చూసినవాళ్లందరూ అంటున్నారనీ చెప్పింది. ఆ 'పూర్వంలాగే' అన్న మాట దగ్గర ఆయన గోడవైపు తిరిగాడు.

అధ్యాయాన్ని పేరున రాయించుకున్నది జబ్బుకు ముందా, తరవాతా అని నేను ఆయన్నే సూటిగా అడిగాను. అరసెలి నోరు తెరిచింది. ఆయన చెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు.

"తరవాతే," అన్నాడు. ఒక్కొక్క అక్షరాన్నీ బురదలోంచి కాలు లాగినట్టు లాగాడు. మైకు ముందు కూర్చుంటే నోరు తనంతట తానే దారిలో పడుతుందని నమ్మాడట. యాభై ఏళ్లు ఎలా తిప్పితే అలా తిరిగిన నోరు. బట్టల బీరువాలో దుప్పట్లు వేలాడదీసి, తలుపు వేసుకుని, మళ్లీ మళ్లీ చదివాడు. చదివినదల్లా చెరిపేశాడు. ఇంట్లోవాళ్లకు వినిపిస్తే అద్భుతమన్నారు. కొడుకు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాత సహనటుడొకడు వచ్చి, అసలు తేడాయే తెలియడం లేదని భుజం తట్టి వెళ్లాడు.

"అందరూ అబద్ధమే," అన్నాడాయన. "జబ్బు నోటికొచ్చింది. చెవులకు రాలేదు."

చెరిపేయనిది ఏదైనా మిగిలి ఉంటే వినిపించమన్నాను.  ఆయన లాప్‌టాప్ తెమ్మని కోడలికి సైగ చేశాడు. నేను సంచిలోంచి ఆ అధ్యాయం కాగితాలు, కళ్లజోడు, పెన్సిల్ తీసి బల్లమీద పెట్టుకున్నాను.

చివరిదాకా విన్నాను. మధ్యలో అరసెలి రెండుసార్లు లేచి వెళ్లి వచ్చింది. ఆయన కదల్లేదు. ఆ అధ్యాయంలో తండ్రి, వాన కురుస్తుండగా కూతుర్ని ఉప్పుమళ్ల దగ్గరికి తీసుకెళ్లి, హద్దురాళ్లను జరిపింది ఎదుటివాళ్లు కాదు, తానేనని ఒప్పుకుంటాడు. ఇన్నాళ్లూ ఆమె ఊరితో పోట్లాడింది ఒక అబద్ధం కోసం. మా అమ్మకు తెలియని మలుపు అది. ఆ మాటలు ఆ వంకర నోట్లోంచి వస్తుంటే పెన్సిల్ పక్కన పెట్టి వినాలనిపించింది. కాని నేను వచ్చింది అందుకు కాదు.

అయిపోయాక ఆయన గొంతు సవరించుకుని, "ఊఁ?" అన్నాడు.

నేను కాగితం తిప్పి చెప్పడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఒక వాక్యం మొత్తం ఎగిరిపోయింది. 'ఉప్పు' అన్న మాట ఒకచోట అనవసరంగా రెండుసార్లు వచ్చింది. తండ్రి నోరు విప్పే సరిగ్గా ముందు పేజీ తిప్పిన చప్పుడుంది. నాలుగో పేజీలో 'రాళ్లు' అని ఉన్నచోట 'రాయి' అన్నారు. అది చిన్నది కాదు, ఎందుకంటే ఒక్క రాయి జరిపినవాడి నేరం వేరు. చివరి పేరాలో రెండు మాటలు నాకు అర్థం కాలేదు. కాగితం చేతిలో లేనివాళ్లకు అసలే అర్థం కావు.

అరసెలి చేతిలోని తడిగుడ్డ కదలడం మానేసింది.

"గొంతు?" అన్నాడాయన.

"గొంతు గురించి మాట్లాడే అధికారం నాకు లేదు, మానొంగ్. కట్టుబాటు ఒప్పుకోదు," అన్నాను. పెద్దవాళ్లయిన మగవాళ్లను మా వైపు మానొంగ్ అనే పిలుస్తారు.

"కట్టుబాటు... లేదనుకో."

"లేదనుకుంటే, అది మీ పాత గొంతు కాదు. మీ పాత గొంతు నాకు బాగా తెలుసు. బాగుందని నేను అబద్ధం చెప్పను. ఆ రెండు మాటలు తప్ప అంతా అర్థమవుతోంది. ఆ తండ్రి అబద్ధం చెబుతున్నాడని మాత్రం ఎక్కడా అనిపించలేదు."

ఆయన ముఖంలో ఒకవైపు మాత్రమే నవ్వింది. అది ఆ పాత నవ్వు కాదు. అయినా మా అక్క ఉంటే ఇస్త్రీపెట్టె మరిచిపోయేదే. "మా డైరెక్టర్... ఇలాగే... చీల్చేవాడు," అన్నాడు కోడలితో. "ఆయన పోయాక... మళ్లీ... ఇవాళే."

"ఆయనకు బాగోలేదు మేడం," అంది అరసెలి మెల్లగా. "కాస్త మెత్తగా చెప్పవచ్చు కదా."

"మెత్తగా మీరందరూ చెప్పారమ్మా. ఆయన పంపలేదు."

తప్పులన్నీ దిద్ది పంపుతానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. మొదట్లో చదివేవారి పేరు చెప్పడం ఆనవాయితీ. ఇష్టంలేనివాళ్లు చెప్పనక్కర్లేదు. తాను చెప్పడు. పుస్తకం పేజీలో కూడా పేరు వద్దు. నోరు తిరగక కాదు, తిరగని నోటితో ఆ పేరు లోకం వినకూడదు. అందరి సొత్తయిన దాన్ని వెనక్కి తీసుకోలేమని ఆయనకు తెలుసు. ఒకసారి అక్కడికెక్కితే, ఆ పేరు వెతికినవాళ్లకు ఇకమీదట దొరికేది ఈ గొంతే. రేడియో రోజులవి ఏవీ మిగల్లేదు. టేపుల మీద టేపులు చెరిపి వాడుకున్నారట.

 కట్టుబాటు ఆయన పక్షానే ఉంది.

అప్పుడు అక్క సంగతి చెప్పాను. చూపు పోయిందనీ, ఉన్న ఒక్క చెవీ పోతోందనీ, చివరి అధ్యాయం చేతిలో ఉండి కూడా వినకుండా ఈ అధ్యాయం కోసం కూర్చుందనీ చెప్పాను. ఇస్త్రీపెట్టె గురించి చెప్పలేదు. అది ఆమె సొంత విషయం.

"పేరు లేకపోతే ఎవరో చదివారనుకుంటుంది. మీ కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది."

"చూడనీ," అన్నాడు. "ఆవిడకు తెలిసిన నెమెసియో... వేరు."

"ఆవిడ చెవి కూడా ఆ రోజుల చెవి కాదు, మానొంగ్. ఇద్దరికీ సరిపోతుంది."

 అరసెలి నన్ను గుమ్మందాకా సాగనంపింది. మళ్లీ రమ్మని అనలేదు, నేనూ అది ఆశించలేదు. జీప్నీలో ఎండ మోకాళ్ల మీద పడుతుంటే, వెళ్లి తప్పుచేశానా అని ఆలోచించడానికి కూడా ఓపిక లేకపోయింది. అక్క అడిగితే, బజారుకు వెళ్లానన్నాను.

ఆ వారంలోనే రికార్డింగు వచ్చింది. ముందు నేను ఒక్కదాన్నే ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, కాగితాలు ముందు పెట్టుకుని విన్నాను. ఎగిరిపోయిన వాక్యం వచ్చింది. రాళ్లు రాళ్లుగానే ఉన్నాయి. అర్థం కాని ఆ రెండు మాటలను ఆయన ఎంత నిదానంగా పలికాడంటే, వాటి మధ్య వాన వినిపించినట్టయింది. మొదట్లో, పుస్తకం పేరు తరవాత, ఒక దీర్ఘమైన ఊపిరి. తరవాత, "చదివినది నెమె... నెమెసియో గుస్తిలో."

రెండుసార్లు వచ్చిన మాటను శ్రోత రాసి పంపాలి. చదివినవారు దాన్ని కత్తిరించి మళ్లీ పంపాలి. నేను కాసేపు ఆలోచించాను. శ్రోత సరిచూడవలసింది మూలంతో పోల్చి. చదివిన మనిషి పేరు మూలంలో లేదు. కనుక అది నా పరిధిలోకి రాదని నిర్ణయించి, అంతా సరిగా ఉందని రాసి పంపేశాను.

మర్నాడు పొద్దున అక్క చెవిలో యంత్రం సర్ది, స్పీకర్ పెట్టెను బల్ల అంచుకు జరిపాను. ఎవరొచ్చారో చెప్పలేదు. ఊపిరి వినిపించగానే ఆమె తల పక్కకు వంచింది. పేరు వచ్చింది.

"ఆపు. మళ్లీ పెట్టు."

పెట్టాను. మళ్లీ పెట్టమంది. ఇంకోసారి పెట్టించుకుంది.

"తాగి ఉన్నాడా?"

"స్ట్రోక్ వచ్చింది."

"ఎప్పుడు?"

"పోయినేడాది."

"నీకెలా తెలుసు?"

"వెళ్లాను."

 ఆమె గుడ్డి కళ్లు కిటికీ వైపు ఉన్నాయి. "ముసలాడైపోయాడు," అంది చివరికి, ఎవరో తనను అడక్కుండా ఆ పని చేసినట్టు. "కానియ్యి."

విన్నంతసేపూ కుడి చెవి పెట్టెకు ఆనించే ఉంచింది. మెడ నొప్పి పుట్టి ఉండాలి. రెండుచోట్ల ఏమన్నాడని అడిగింది. అన్న మాటలు మాత్రమే చెప్పాను, వాటి అర్థం చెప్పలేదు. హద్దురాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదవులు కదులుతున్నాయి. ఆ మాటలు ఆమెకు ముందే తెలిసే అవకాశం లేదు. ఆయన వెనకాలే పలుకుతోంది, అంతే. ఆయన అంత నెమ్మదిగా చదవబట్టి అందుకోగలుగుతోంది.

అయ్యాక నీళ్లు అడిగి తాగింది. తరవాత, ఇక ఆ చివరిది కూడా పెట్టమంది.

చివరి అధ్యాయం చదివింది రోహాస్ పట్టణపు అమ్మాయి. గంటలాంటి గొంతు, ఒక్క తప్పు లేదు. కథలో ఏమైందంటే, జడ్జిగారు తార్సిలాకు వరసకు మేనమామ అవుతాడని తేలింది. ఎదుటిపక్షంవాళ్లు వ్యాజ్యం వదులుకున్నారు, వాళ్ల అబ్బాయికి తార్సిలాతో పెళ్లయింది. తండ్రి ఒప్పుకున్న సంగతిని ఎవరూ మళ్లీ ఎత్తలేదు. పెళ్లి ఊరేగింపులో బాణసంచా కాలుస్తుండగా కథ ముగిసింది.

"అంతేనా?" అంది అక్క.

"అంతే."

"అమ్మ ఇన్నేళ్లు బాధపడింది దీనికోసమా?"

పత్రికవాళ్లు తొందరగా ముగించమని ఉంటారన్నాను. ఆ రోజుల్లో చందాదారులు తగ్గితే నవలను అలాగే గొంతు నులిమేవారని కూడా అన్నాను.

"సిగ్గుండాలి," అంది. మా ఇద్దరికీ ఒకే విషయం మీద, ఒకే సమయంలో కోపం రావడం చాలా ఏళ్ల తరవాత అదే మొదటిసారి. వంటింట్లో అన్నం చల్లారిపోతోంది. ఇద్దరమూ లేవలేదు.

"ఆ గుస్తిలోకు రాసిపంపు," అంది కాసేపటికి. "రెండు మాటలు నాకు అందలేదని రాయి. బాగుందని మాత్రం రాయకు."

"రాయను."

"ఈ పెళ్లి భాగం లేదనుకుందాం. అది ఇంకెవరిదో పుస్తకం. కథ ఆ వానలోనే అయిపోయింది. మళ్లీ ఆయనదే పెట్టు."

పెట్టాను. ఊపిరి, పుస్తకం పేరు, ఆ తడబాటు, ఆ పేరు. శబ్దం ఇంకొంచెం పెంచమంది. పెంచడానికి ఇక ఏమీ మిగల్లేదు. ఆ మాట చెప్పకుండా, పెట్టెను ఆమె చెవికి ఇంకొంచెం దగ్గరగా జరిపాను.